ముందే చెప్పిన క్షేమం

నాకు ముక్కు మీద కోపం అని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటుంది. నిజమే. ఆ కోపమే నాకు కూడు పెడుతోంది. ఇంటిపనికి పరాయి దేశం వెళ్ళే ఆడవాళ్ళకి నేను పని నేర్పుతాను. మెత్తగా చెబితే ఎవరికీ ఇస్త్రీ రాదు. చొక్కాకి ముందు కాలరు, తరువాత భుజాలు, ఆ తరువాత చేతులు, వీపు అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పిన పిల్లకి వేళ్ళ మీద స్కేలుతో ఒకటి తగిలిస్తాను. అక్కడి మేడమ్‌లు స్కేలుతో ఆగరని నాకు తెలుసు.

మా శిక్షణ ఇంట్లో మూడు గదులు. ముందు గదిలో వాషింగ్ మెషీను, గ్యాసు పొయ్యి, తుడిపించడానికి ఒక పెద్ద గాజు బీరువా. నడిమి గదిలో పన్నెండు పరుపులు. వెనక గదిని మాటల గది అంటాం, దాని సంగతి తరువాత చెబుతాను. ఏజెంటును అందరం మావయ్య అని పిలుస్తాం. అలా పిలవమని ఆయనే చెబుతాడు. ఇంట్లో మగదిక్కు ఉండీ పనికిరాకుండా పోయిన ప్రతి ఆడదానికీ ఒక మావయ్య కావాలి, ఆ కిటుకు ఆయనకి బాగా తెలుసు. నన్ను కూడా ఆయన ఊరికే పెట్టుకోలేదు. మగవాడు గుమ్మంలోకి వచ్చి మీ పిల్లని పంపండి అంటే మొహాన తలుపు వేస్తారు. అదే వెళ్ళొచ్చిన ఆడది, నాలాంటి నడివయసుది, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతూ చెబితే చెవులు అప్పగించి వింటారు.

నేను నేర్పేది ఇస్త్రీ ఒక్కటే కాదు. అక్కడ పనిమనిషి గదికి లోపలి గడియ ఉండదు. అందుకని తలుపుకి అడ్డంగా, రెండు పాదాలూ రెక్కకి తన్నిపెట్టి పడుకోవాలి. నేల మీద పడుకోబెట్టి మరీ చూపిస్తాను. ఒకరి మీద ఒకరు పడి పకపకా నవ్వుతారు. నవ్వుకోనిస్తాను. ఎందుకలా అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే, గాలికి తలుపు కొట్టుకుంటుందే మొద్దూ, అంటాను.

ఇక మాటల గది. అది నా సొంత ఆలోచన. నేను అక్కడ పని చేసినప్పుడు మొదటి పదకొండు నెలలు నాకు ఫోను ముట్టుకోనివ్వలేదు. చివరికి మేడమ్ చెల్లెలి కాళ్ళావేళ్ళా పడి ఇంటికి చేస్తే మా అన్నయ్య ఎత్తాడు. అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలైంది. కూతురు చచ్చిపోయింది, నాకు ఎవరూ చెప్పడం లేదు అని ఆవిడ తనకు తానే తేల్చుకుని అన్నం మానేసిందట. ఆ ఒక్క ముక్క నన్ను ఇప్పటికీ కోస్తుంది. బాగున్నానమ్మా అనే రెండు మాటలు ఆవిడ చెవిన పడి ఉంటే బతికేది.

అందుకే తిరిగొచ్చి ఈ ఉద్యోగంలో చేరిన నెలలోనే మావయ్యకి చెప్పాను. వెళ్ళే ముందే ప్రతి పిల్ల చేతా క్షేమం కబుర్లు చెప్పించి రికార్డు చేసి పెట్టుకుందాం, ఫోను దొరకని రోజుల్లో ఇళ్ళకి పంపుదాం, తల్లులు కుదురుగా ఉంటారు అన్నాను. మావయ్య కాసేపు నా మొహంలోకి చూసి, నీది వెన్నలాంటి మనసు తల్లీ అన్నాడు. ఆ వారమే వెనక గది కిటికీకి పరుపు బిగించి శబ్దం రాకుండా చేశారు.

అంతకు ముందు, పిల్ల వెళ్ళిన మూడో నెల తిరిగేసరికి మా వసారాలో ఎవరో ఒక తల్లి కూర్చుని నెత్తీ నోరూ బాదుకుంటూ ఉండేది. కబుర్లు మొదలుపెట్టాక వసారా ఖాళీ అయింది. తల్లుల కడుపులు చల్లబడ్డాయి కదా అని నేను పొంగిపోయాను. మావయ్య కూడా ఎందుకు పొంగిపోతున్నాడో ఆలోచించేంత తెలివి నాకు లేకపోయింది. ఉండీ వాడలేదేమో కూడా.

ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎండ అనకూడదు, చలి అనకూడదు. వారం పేరు రాకూడదు. తిన్నాను అనాలి గాని ఏం తిన్నదీ చెప్పకూడదు. గొంతు వణికితే మళ్ళీ మొదటి నుంచి. మనిషికి ఇరవై నాలుగు కబుర్లు, ఒక్కోటి పది పదిహేను క్షణాలు. కొన్ని ఊరికే పలకరింపులు, మిగతావి జవాబులు. తల్లులు ఏం అడుగుతారో నాకు తెలుసు. చిక్కిపోయావా, మేడమ్ మంచిదేనా, ఎందుకు ఎత్తడం లేదు, ఒంట్లో ఎలా ఉంది. విమానం ఎక్కేముందు పిల్లల ఫోన్లన్నీ అక్కడ పనిచేయవని చెప్పి తీసుకుంటాం. అవి ఆఫీసులో ఒక ట్రేలో, వెనక పేరు చీటీలతో వరసగా పడి ఉంటాయి. తల్లి పంపింది మావయ్య కోడలు విని, దానికి తగిన కబురు వెతికి ఆ పిల్ల ఫోను నుంచే పంపుతుంది. చురుకైన మనిషి, ఒక్కటి కూడా తప్పు పంపలేదు.

మా అక్క పెద్దకూతురు వెళతానని పట్టుబట్టినప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు. వసపిట్ట అని మొదలై పిట్టగా మిగిలింది. నోరు కట్టేసినా ముక్కుతో మాట్లాడే రకం. బట్టల దుకాణంలో రోజుకి పది గంటలు నిలబడి చీరలు మడతపెట్టేది. మా బావ స్కూలు వ్యాను నడిపేవాడు, నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. పిట్ట నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. రెండుసార్లు కసిరాను. మూడోసారి మా అక్కే వచ్చి, ఊళ్ళో వాళ్ళ పిల్లలందరినీ పంపుతావు, మన పిల్ల అనేసరికి నీకు చేతులు రావా అని నిష్ఠూరమాడింది.

ఆ మాటకి నేను నిజం చెప్పాల్సింది. మంచం పట్టి వచ్చినవాళ్ళని చూశాను, అసలు రానివాళ్ళ లెక్క కూడా చూచాయగా తెలుసు. చెప్పలేదు. చెబితే ఇన్నాళ్ళూ నేను చేస్తున్నది ఏమిటని అడుగుతుంది. మావయ్య దగ్గరికి వెళ్ళి, ఇది నా సొంత అక్క కూతురు, మగవాళ్ళు లేని ఇల్లు చూడండి అన్నాను. ఇద్దరు ముసలి అప్పచెల్లెళ్ళ ఫోటో చూపించాడు. కుర్చీల్లో కూర్చుని ఒళ్ళో పిల్లి పెట్టుకుని ఉన్నారు. మావయ్య ఊళ్ళో అందరినీ మోసం చేస్తే చేస్తాడు గాని నన్ను చేయడని నమ్మాను. ఇంత వయసొచ్చి, అంత చూసొచ్చి, నేను చేసిన తప్పు అది.

పిట్టకి నేనే ఇస్త్రీ నేర్పాను. తలుపుకి అడ్డంగా నేనే పడుకోబెట్టాను. వెళ్ళే ముందు రోజు మాటల గదిలో ఎదురుగా కూర్చోబెట్టి ఇరవై నాలుగూ చెప్పించాను. మధ్యలో ఒక చోట ఆగి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రాని జ్వరం తగ్గిపోయిందని చెప్పమంటావేంటి పిన్నీ?"

"వచ్చినప్పుడు చెప్పడానికి నీ దగ్గర ఫోనుండదు. వాగకుండా చెప్పు."

చెప్పింది. బాగానే చెప్పింది. అంతసేపూ దాని గొంతులో ఎక్కడ వణుకు వస్తుందా అని తప్ప మరొకటి నేను వినలేదు.

పిట్ట వెళ్ళాక పదిహేను రోజులకొకటి చొప్పున అక్కకి కబుర్లు వచ్చాయి. అక్క వాటిని ఇరుగుపొరుగుకి వినిపించి, పిట్ట గొంతు నిండిందే అని మురిసిపోయేది. నాకు ఫోన్ చేసి నీ చలవేనే అనేది. నేను ఊ కొట్టేదాన్ని. ముసలి అప్పచెల్లెళ్ళ ఇల్లు కదా, పిల్ల నిజంగానే బాగుండి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఐదో నెల దాటాక పిట్టతో పాటు వెళ్ళిన కుట్టుపనామె తిరిగొచ్చింది. ఇళ్ళలో చీరలకి ఫాల్స్ కుట్టుకునే మనిషి, ఎడమ మోచేయి విరిగి వంకరగా అతుక్కుంది. మధ్యాహ్నం నేను కొత్త పిల్లల చేత గాజు బీరువా తుడిపిస్తుంటే గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రానంది. నన్నే బయటికి పిలిచింది.

"మీ అక్క కూతురు ఆ ఇంట్లో పందొమ్మిది రోజులే ఉంది టీచరమ్మా. అక్కడ ముసలివాళ్ళెవరూ లేరు. నలుగురు అన్నదమ్ములు."

మిగతాది ఆమె నేల చూపులు చూస్తూ చెప్పింది. పిట్ట పారిపోయి అక్కడున్న మావయ్య తాలూకు మనిషి దగ్గరికే వెళ్ళిందట, కాపాడతాడని. వాడు తీసుకెళ్ళి ఒక గదిలో పెట్టాడు. ఇల్లు మార్చే ఆడవాళ్ళని ఉంచే గది అది. చేయి విరిగిన కుట్టుపనామె కూడా అప్పుడు అక్కడే ఉంది. ఇద్దరూ మూడు రోజులు కలిసి ఉన్నారు. పిట్ట అక్కడ ఎవరితోనూ మాట్లాడలేదట. నాలుగో రోజు పొద్దున ఒకడు వచ్చి నిలబెట్టి చూసి, పళ్ళు చూసి, తీసుకుపోయాడు.

"ఏ ఇంటికి?" అన్నాను.

"ఇంటిపనికి కాదు టీచరమ్మా," అంది.

ఇది జరిగి నాలుగు నెలలు. అప్పటి నుంచి ఎనిమిది కబుర్లు వచ్చాయి అక్కకి. పిట్ట గొంతు నిండిందని మురిసిన కబురు కూడా అందులో ఉంది.

మావయ్య దగ్గరికి ఉరికాను. ఆయన చేయి కడుక్కుంటున్నాడు. తుండుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని, ఇల్లు మారి ఉంటుంది, మార్పులు మామూలే అన్నాడు. పిల్ల ఎక్కడుందని అరిచాను. కనుక్కుంటానన్నాడు. కంప్లయింట్ ఇస్తానన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, అదే నా ఒళ్ళు మండించింది.

"ఇవ్వు తల్లీ. ఆ పిల్ల బాగున్నానని మొన్న కూడా చెప్పింది. చెప్పించింది నువ్వు."

నేరుగా అక్క ఇంటికి పోయాను. అక్క పెళ్ళీడుకొచ్చిన చిన్నకూతురికి జడ వేస్తోంది. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు. చిన్నదాన్ని బయటికి పంపి అన్నీ చెప్పాను. అక్క నమ్మలేదు. కోప్పడను కూడా లేదు, జాలిగా చూసింది. ఎవరో నీకు లేనిపోనివి ఎక్కించారే, అది నాతో మాట్లాడుతూనే ఉంది కదా అంది. అవి ముందే చెప్పించినవి అన్నాను. మరి నేనడిగినదానికి జవాబు ఎలా చెబుతుంది, జ్వరం తగ్గిందా అంటే తగ్గిందని చెప్పలేదూ, అంది. పిల్ల చేతి సంపాదన చూసి నా కళ్ళు కుట్టాయని మంచం మీంచి బావ అన్నాడు.

"అయితే ఇప్పుడు అడుగు," అన్నాను. "ఏమైనా అడుగు. జవాబు నేను ముందు చెబుతాను."

అక్క ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. పిట్టా, రాత్రి పాడు కల వచ్చింది, నువ్వు నీళ్ళలో నిలబడి పిలుస్తున్నావు, ఎలా ఉన్నావే అని పంపింది. నిజంగానే వచ్చిందట ఆ కల, రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదట. తల్లులందరికీ కలలు వస్తాయి. అందుకే కలకి ఒకటి పెట్టాను.

"కలలు నమ్మకమ్మా," అని నేను మొదలుపెట్టాను. "రోజంతా నా గురించే ఆలోచిస్తూ పడుకుంటావు, అందుకే వస్తాయి. నేను రాయిలా ఉన్నాను. ఇంక పడుకో. ఇక్కడ చిన్నగా నవ్వుతుంది అక్కా. ఆ తరువాత ఒకసారి దగ్గుతుంది."

రెండు గంటలు ముగ్గురం అలాగే ఉన్నాం. అక్క లేచి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఫోను మోగింది. అక్క దాన్ని నొక్కి నేల మీద పెట్టింది. కలలు నమ్మకమ్మా, అంది పిట్ట. రోజంతా నా గురించే ఆలోచిస్తూ పడుకుంటావు, అందుకే వస్తాయి. నేను రాయిలా ఉన్నాను. ఇంక పడుకో. చిన్నగా నవ్వింది. దగ్గింది.

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె ఫోను ఎత్తి ఇంకోసారి విని, కొంగు సర్దుకుని, పద స్టేషనుకి అంది. బావ మాత్రం కదలలేదు. ఫోను వైపే చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు. నడుం నొప్పి అనుకున్నాను.

స్టేషన్‌లో అధికారి మమ్మల్ని బాగానే కూర్చోబెట్టాడు. మొత్తం విన్నాడు. అక్క ఫోను తీసుకుని పదకొండు కబుర్లూ ఒకదాని వెంట ఒకటి వేసుకుని విన్నాడు. మూడోదానికి నవ్వాడు కూడా, పిట్ట మాటలు అలాంటివి. మీ అమ్మాయి ఇంత హుషారుగా ఉంటే తప్పిపోయిందని ఎలా రాయమంటారమ్మా అన్నాడు. చెప్పించింది నేనే, నన్ను లోపల వేయండి అన్నాను. తప్పిపోయిన మనిషి లేకుండా తప్పు ఎక్కడిదని అడిగాడు. కుట్టుపనామెని తీసుకురమ్మన్నాడు. పిన్ని చెబితే సరిపోదు, తండ్రి రావాలి, పిల్ల కాగితాలు తేవాలి అన్నాడు.

కుట్టుపనామె ఇంటికి తాళం వేసి ఉంది. ఎక్కడికి పోయిందో పక్కవాళ్ళకి తెలియదు.

మర్నాడు పదింటికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మంచం దిగలేని మనిషి నిటారుగా నడిచి వచ్చి అధికారి ఎదుట కూర్చున్నాడు. పిల్ల కులాసాగా ఉందండీ, మొన్ననే నాతో కూడా మాట్లాడింది అన్నాడు. మా ఆవిడకి కూతురి మీద బెంగ, ఈవిడ దాన్ని ఎగదోస్తోంది అన్నాడు. అక్క లేచి, నేను రాసిస్తాను, తల్లిని నేను, అని కాగితం లాక్కుంది. పెన్ను కూడా పట్టుకుంది.

"రాయి," అన్నాడు బావ, గొంతు పెంచకుండా. "రాసి అటునుంచి అటే మీ చెల్లెలి ఇంటికి పో. చిన్నది నా దగ్గరుంటుంది. మళ్ళీ దాని మొహం చూడవు."

అక్క చాలాసేపు పెన్ను పట్టుకునే నిలబడింది. అధికారి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది. ఇంటి దగ్గర మాట్లాడుకుని నిదానంగా రండి అని అధికారి మర్యాదగా చెప్పాడు.

బయట ఎండలో ముగ్గురం నడిచాం. అక్క నాలుగు అడుగులు వెనకబడింది. నేను బావని వదల్లేదు. మీకు తెలిసి కూడా ఎలా చేశారని అడిగాను. నిన్న నా నోట విన్నారు, ఫోనులో విన్నారు, అది అక్కడ ఏమైపోతోందో తెలుసు కదా అన్నాను. ఆయన ఆగి, చుట్టూ చూసి, మెల్లిగా చెప్పాడు.

"తెలుసు. రాయిస్తే ఊరందరికీ తెలుస్తుంది. దొరికి తిరిగొచ్చినా దాన్ని ఏం చేసుకుంటాం? ఇప్పుడైతే మంచి ఇంట్లో పనిచేసుకుంటున్న పిల్ల. అలాగే ఉండనీ."

ఇంతటి మాట అన్న మనిషి కళ్ళలో నీళ్ళున్నాయి. అందుకు నాకు ఇంకా అసహ్యం వేసింది. ఆయన కళ్ళు తుడుచుకుని, ఇంకా ఎన్ని మిగిలాయని అడిగాడు. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నోరు ఊరుకోలేదు, పదమూడు అన్నాను.

"నెలకొకటి పంపమను. చిన్నదాని పెళ్ళయ్యేదాకా వస్తాయి," అని ముందుకి నడిచాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. అక్క దగ్గరికి వచ్చింది. తిడుతుందని, ఉమ్ముతుందని ఎదురుచూశాను. ఆమె నా చేయి పట్టుకుంది, గట్టిగా, గోళ్ళు దిగేలా.

"ఒకటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. ఆ మిగిలినవాటిల్లో ఎక్కడైనా, ఇంటికి వచ్చేస్తానమ్మా అని అందా?"

"లేదక్కా. అలాంటివి ఉంచం."

"అసలు అననే లేదా?"

అన్నది. ఇరవయ్యోదో ఇరవై ఒకటోదో చెబుతూ ఉండగా, నేను రాసిచ్చింది పక్కన పెట్టి, వాళ్ళమ్మతో దాని సొంత మాటలు చెప్పుకుంది. వచ్చేస్తానని అన్నది. ఇంకా ఏదో అన్నది. గొంతు వణికింది. నేను చెరిపేసి, స్కేలు బల్ల మీద కొట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించాను. ఇదంతా అక్కకి చెప్పాను. మొదటిసారి ఏ అబద్ధమూ కలపకుండా చెప్పాను.

"ఏమందే?" అంది అక్క. "అది ఎలా అందో అలాగే చెప్పు. నిన్న కల గురించి చెప్పావు చూడు, అలా చెప్పు."

నోరు తెరిచాను. ఇరవై నాలుగు కబుర్లూ నవ్వుతో, దగ్గుతో సహా నాకు కంఠతా వచ్చు. జ్వరం కబురు వచ్చింది, చిక్కిపోలేదన్న కబురు వచ్చింది, మేడమ్ మంచిదన్న కబురు వచ్చింది. అదొక్కటే రాలేదు. వణుకు వినబడింది గాని మాటలు వినబడలేదు. ఆ రోజు నేను మాటలు వినలేదు.

గుర్తులేదక్కా, అన్నాను. అక్క నా చేయి వదల్లేదు. నా నోటి వైపే చూస్తూ నిలబడింది.